ఉప్పు చల్లిన రోడ్డు మీద బండి: మడ్‌గార్డ్ పొడిగింపు కొనాలా, నూనె పూత వేయాలా, కడిగితే సరిపోతుందా?

నవంబరులో ఒక రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వచ్చి, బండికి మెయిన్ స్టాండు వేసి, ఇంజన్ ముందు భాగం మీద టార్చిలైటు వేసి చూశాను. ఆయిల్ ఫిల్టర్ మీద, సైలెన్సర్ బెండు పైపుల మీద విసనకర్ర విప్పినట్టు ఒక గోధుమ రంగు మరక. అంచుల దగ్గర ఆరిపోయి తెల్లబడుతోంది. వేలితో రుద్దితే గరగరలాడింది. మట్టేలే, ఆదివారం కడుగుదామని వదిలేశాను. ఆ ఆదివారం వాన, పై ఆదివారం చలి. ఫిబ్రవరి వచ్చేసరికి ఫిల్టర్ మీది నల్ల రంగు పొక్కులు పొక్కులుగా లేచింది. గోటితో మీటితే పెచ్చు ఊడి వచ్చింది, కింద ఎర్రటి తుప్పు.

అది ఇంగ్లండులోని డెర్బీలో నా మొదటి చలికాలం. ఇప్పటికి ఆరు గడిచాయి. పనిదినాల్లో ఎ-52 రోడ్డు మీద నాటింగ్‌హామ్ వెళ్ళి వస్తాను, రానూపోనూ దాదాపు 30 మైళ్ళు. కారు లేదు. బండి ఆగిపోతే నా ఉద్యోగానికి దారి మూసుకుపోయినట్టే. అందుకే ఈ ఆరేళ్ళలో దుకాణాల్లో దొరికే రక్షణ సామగ్రి చాలా వరకు కొని వాడి చూశాను. కొన్నింటికి పెట్టిన డబ్బు దండగ. కొన్నింటిని మొదటి ఏడాదే కొననందుకు ఇప్పటికీ బాధ.

ప్రతి అక్టోబరులో హైదరాబాదు నుంచో, విజయవాడ నుంచో కొత్తగా ఇక్కడికి వచ్చి బండి కొన్నవాళ్ళు ఏది కొనాలని అడుగుతుంటారు. అందరికీ ఒకటే జవాబు చెప్పలేను. రోజూ నడుపుతారా, బండి ఎక్కడ నిలుపుతారు, దగ్గరలో నీళ్ళ కొళాయి ఉందా అన్న మూడు సంగతులు తెలిస్తే మాత్రం చెప్పగలను.

ముందు ఉప్పు సంగతి

మన దగ్గర చలికాలం బండికి సుఖమైన కాలం. వాన ఉండదు, బురద ఉండదు, పొద్దున కాస్త మంచు, ఆ తరువాత దుమ్ము. బ్రిటన్‌లో వ్యవహారం తలకిందులు. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, రోడ్డు గడ్డకట్టవచ్చని వాతావరణ సూచన వచ్చినప్పుడల్లా ముఖ్యమైన రోడ్ల మీద లారీలతో ఉప్పు చల్లిస్తారు. రసాయనం చూస్తే మన వంటింటి ఉప్పే, కానీ శుద్ధి చేయనిది. చెషైర్ జిల్లా విన్స్‌ఫర్డ్‌లో 1844లో మొదలైన గని నుంచి తీస్తున్న రాతి ఉప్పు ఇందులో పెద్ద భాగం. బంకమట్టి కలిసి ఉండటం వల్ల అది గోధుమ రంగులో ఉంటుంది. మామూలు చలి రాత్రికి చదరపు మీటరుకు సుమారు 10 గ్రాములు చల్లుతారు, మంచు కురిసే సూచన ఉంటే అంతకు రెట్టింపో, ఇంకా ఎక్కువో. నా ఆయిల్ ఫిల్టర్ మీద విసనకర్రలా పరుచుకున్నది ఆ ఉప్పే.

ఉప్పుకు ఒక గుణం ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే అది దానంతట అదే నీరు కారుతుంది. వానాకాలంలో ఇంట్లో ఉప్పు జాడీ చెమర్చడం మనందరం చూసిందే. ఇక్కడ చలికాలంలో గాలి తేమ చాలా రోజులు ఆ గీతకు పైనే ఉంటుంది. అంటే వాన పడకపోయినా, షెడ్డులో పెట్టినా, ఉప్పు పట్టిన బండి పూర్తిగా ఆరదు. రాత్రంతా నానుతూనే ఉంటుంది.

ఇనుము తుప్పు పడుతుందని అందరికీ తెలుసు. అల్యూమినియం మీద దాడి ఇంకా దొంగతనంగా జరుగుతుంది. అల్యూమినియం పైన సహజంగా ఒక పల్చటి ఆక్సైడు పొర ఉండి దాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను చిన్న చిన్న చోట్ల తూట్లు పొడుస్తుంది. పైన వార్నిష్ ఉంటే దాని కింద నుంచే తెల్లటి పొడి పాకుతుంది. ఇక అల్యూమినియంలో బిగించిన ఇనుప బోల్టు ఉప్పునీళ్ళలో తడిస్తే అక్కడ చిన్న బ్యాటరీ తయారైనట్టే. అల్యూమినియం కరుగుతుంది, బోల్టు బిగుసుకుపోతుంది. మార్చిలో మెకానిక్ దగ్గర బోల్టు తల తెగితే అసలు కారణం ఇదే.

కాబట్టి ఉప్పునీళ్ళు బండి మీద పడకుండా ఆపాలి. పడ్డా లోహాన్ని తాకకుండా చూడాలి. తాకితే ఎక్కువసేపు ఉండనీయకూడదు. మడ్‌గార్డ్ పొడిగింపు మొదటి పని, పూత రెండోది, నీళ్ళు మూడోది చేస్తాయి. ఒకటి చేసే పని ఇంకొకటి చేయజాలదు. ఇది తెలియక మొదటి ఏడాది నేను మూడో పనిని మాత్రమే నమ్ముకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది.

ముందు చక్రానికి పొడిగింపు, వెనక చక్రానికి హగ్గర్

ముందు చక్రం నీళ్ళను ఎలా విసురుతుందో ఒకసారి ఊహించుకోండి. నేలను తాకిన టైరు భాగం నీళ్ళను పట్టుకుని చక్రం వెనక వైపుగా పైకి లేస్తుంది. ఆ లేవడంలోనే నీళ్ళు విడిపోయి వెనక్కీ పైకీ చిమ్ముతాయి. ఎదురుగా ఉన్నవి బెండు పైపులు, ఆయిల్ ఫిల్టర్, రేడియేటర్. ఇప్పటి బండ్లలో అందం కోసం ముందు మడ్‌గార్డ్‌ను పొట్టిగా కత్తిరిస్తున్నారు. వెనక అంచు ఇరుసు ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఆగిపోతుంది. ఆ అంచుకు నేలకు మధ్య ఉన్న ఖాళీలోంచే ఈ గోల అంతా. మన పాత బండ్లకు మడ్‌గార్డ్ చివర వేలాడే నల్ల రబ్బరు ఫ్లాప్ ఉండేది కదా, అది ఊరికే పెట్టింది కాదు.

పొడిగింపు అంటే మడ్‌గార్డ్ వెనక అంచుకు తగిలించే మరో జానెడు ప్లాస్టిక్ ముక్క. పిరమిడ్ అనే బ్రిటిష్ సంస్థ ఫెండా ఎక్స్‌టెండా పేరుతో అమ్మేది ఇక్కడ బాగా తెలిసినది. ఏ మోడల్‌కు ఆ ముక్క విడిగా ఉంటుంది. ధర సుమారు 25 నుంచి 40 పౌండ్లు.

ఇది నిజంగా పని చేస్తుందో లేదో తేల్చుకోవాలని మూడో ఏడాది ఒక చిన్న పరీక్ష చేశాను. ఆయిల్ ఫిల్టర్ చుట్టూ గోడలకు రంగు వేసేటప్పుడు అంటించే తెల్ల కాగితం టేపు చుట్టి ఒక వారం పొడిగింపు లేకుండా నడిపాను, కొత్త టేపు చుట్టి మరో వారం పొడిగింపుతో నడిపాను. రెండు వారాలూ రోడ్డు తడిగానే ఉంది. మొదటి టేపు పై నుంచి కింది దాకా టీ డికాషన్‌లో ముంచి తీసినట్టు ఉంది. రెండో దానిలో కింద పావు వంతు మాత్రమే గోధుమ రంగు, పైన ముప్పావు వంతు తెల్లగానే ఉంది. ఆ తరువాత పొడిగింపు మీద నాకు మరో అనుమానం రాలేదు.

ఎలా బిగిస్తారన్నది మాత్రం ముఖ్యం. రెండు పద్ధతులు: జిగురుతో అతికించడం, రంధ్రాలు చేసి చిన్న బోల్టులో రివెట్లో వేయడం. కొత్త మడ్‌గార్డ్‌కు రంధ్రాలు వేయడానికి మనసొప్పక చాలామంది జిగురు వైపు వెళ్తారు. జిగురు చలిలో సరిగా పట్టదు. చల్లటి షెడ్డులో అతికించిన ముక్క వారం తిరగకుండా ఊడవచ్చు. ఊడి రోడ్డు మీద పడితే పోయేది పాతిక పౌండ్లు, చక్రానికీ మడ్‌గార్డ్‌కూ మధ్య ఇరుక్కుంటే పోయేది ప్రాణం. నేను రంధ్రాలు వేసి స్టెయిన్‌లెస్ బోల్టులు బిగించాను, వెనక జిగురు కూడా పెట్టాను. జిగురు మాత్రమే వాడాలనుకుంటే మడ్‌గార్డ్ విప్పి ఇంట్లోకి తెచ్చి, లోపలి వైపు స్పిరిట్‌తో జిడ్డు పోయేలా తుడిచి, వెచ్చని గదిలో ఒక రోజు పూర్తిగా పట్టనివ్వండి.

గట్టి ప్లాస్టిక్ ముక్క ఫుట్‌పాత్ అంచుకు తగిలితే విరుగుతుంది. రోజూ అలాంటి చోటు మీదుగా బండి ఎక్కించి పెట్టేవాళ్ళకు రబ్బరు ఫ్లాప్ మేలు. అందంగా ఉండదు, వంగుతుంది కాబట్టి విరగదు.

హగ్గర్ సంగతి వేరు. ఇది వెనక చక్రానికి పైన, ముందు వైపు అంటుకున్నట్టు ఉండే మడ్‌గార్డ్. వెనక చక్రం పైకి మోసుకొచ్చి ముందుకు విసిరే మురికి నుంచి మధ్యలో ఉండే షాకబ్జార్బర్‌నూ దాని లింకేజీనీ కాపాడుతుంది. ధర 80 నుంచి 150 పౌండ్ల దాకా పోతుంది. మీ బండికి షాకబ్జార్బర్ మధ్యలో ఒక్కటే ఉండి చక్రానికి ఎదురుగా బయటికి కనిపిస్తుంటే కొనండి. పాత తరహాలో రెండు పక్కలా రెండు షాకబ్జార్బర్లు, చక్రం మీద నిండు మడ్‌గార్డ్ ఉంటే హగ్గర్ మీద డబ్బు పెట్టకండి. చాలా టూరింగ్ బండ్లకు కంపెనీ నుంచే వస్తుంది, ముందు అది చూసుకోండి. హగ్గర్ పెట్టినా మీ వీపు మీద, నంబరు ప్లేటు మీద పడే బురద తగ్గదు. అది చక్రం వెనక వైపు నుంచి లేచేది, దానికి వెనక ఫ్లాప్ కావాలి.

ఫోర్క్ రాడ్లకు తొడిగే తొడుగుల్లో మడతలు మడతలుగా ఉండే రబ్బరు గొట్టం మంచిది. వెల్క్రోతో చుట్టే నియోప్రీన్ గుడ్డ తడిని లోపలే పట్టి ఉంచుతుంది. రెండు మూడు రోజులకోసారి విప్పి ఆరబెట్టే ఓపిక ఉంటేనే దాని జోలికి వెళ్ళండి.

పూతల్లో ఏది?

ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే, ఎందుకంటే డబ్బాలన్నీ ఒకేలా ఉంటాయి, అన్నీ తుప్పు ఆపుతామనే చెబుతాయి.

నేను వాడేది నూనె పొర రకం. ఏసీఎఫ్-50 ఇందులో బాగా పేరున్నది, కెనడాలోని లియర్ కెమికల్ సంస్థ విమానాల కోసం తయారు చేసింది. ఎక్స్‌సీపీ రస్ట్ బ్లాకర్ కూడా ఈ పనికే వాడతారు. డబ్బా 15 నుంచి 20 పౌండ్లు. ఇవి సందుల్లోకి పాకి, ఉన్న తడిని తోసేసి, లోహం మీద పల్చటి పొరగా నిలుస్తాయి. చాటుగా ఉండే చోట్ల, అంటే ట్యాంకు కింద, సీటు కింద, వైర్ల కనెక్టర్ల దగ్గర ఒకసారి వేస్తే చలికాలం మొత్తం ఉంటుంది. ఇంజన్ ముందు భాగం, చక్రాల కమ్మీలు, స్టాండ్ల దగ్గర నీళ్ళు నేరుగా కొడతాయి కాబట్టి నేను నాలుగు నుంచి ఆరు వారాలకు మళ్ళీ వేస్తాను.

దీనితో ఒక చిక్కు ఉంది. పొర తడిగానే ఉంటుంది కాబట్టి దుమ్ము అంటుకుంటుంది. బండి చలికాలమంతా మాసిన గుడ్డలా కనిపిస్తుంది. కింద లోహం మాత్రం కొత్తగానే ఉంటుంది. మెరిసే బండిని చూసుకోవాలని తపించేవాళ్ళకు ఇది నచ్చదు, వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. నాకైతే ఏప్రిల్లో తుడిచినప్పుడు కింద నుంచి బయటపడే రంగే ముఖ్యం.

దీన్ని నేరుగా స్ప్రే చేయకండి. డిస్క్ బ్రేకు మీద ఒక్క తుంపర పడినా బ్రేకు పట్టదు. ప్యాడ్లు పీల్చుకుంటే ఇక పారేయాల్సిందే. నేను డబ్బా నుంచి ఒక పాత గిన్నెలోకి కొట్టి, రంగుల బ్రష్షుతో పూస్తాను. ఒక డబ్బాతో సీజన్ గడిచిపోతుంది, స్ప్రే చేస్తే రెండు డబ్బాలు అయిపోతాయి. డిస్కులకు ముందుగానే ప్లాస్టిక్ సంచులు కట్టేస్తాను. టైర్లకు అంటితే వెంటనే సబ్బుతో కడిగేయండి.

బెండు పైపుల మీద ఏ పూతా నిలవదు. ఇంజన్ వేడెక్కగానే పొగై పోతుంది. కాబట్టి పూత కాపాడలేని ఆ చోటును ముందు మడ్‌గార్డ్ పొడిగింపే కాపాడాలి. డిస్కులూ అంతే, వాటికి నీళ్ళే గతి. ఒక్క డబ్బా కొని నిశ్చింతగా ఉందామనుకునేవాళ్ళకు నేను ముందుగా చెప్పే మాట ఇదే.

నీటితో కలిపి చేసిన స్ప్రే రకం ఇంకొకటి, స్కాట్ఆయిలర్ సంస్థ అమ్మే ఎఫ్ఎస్-365 లాంటివి. కడిగిన ప్రతిసారీ తడి బండి మీదే చిమ్మేయవచ్చు. సులువు. నీళ్ళతో పోతుంది కూడా, అంటే ప్రతి కడుగుడు తరువాత మళ్ళీ వేయాలి. కొళాయి ఉండి, వారానికి రెండు సార్లు కడిగేవాళ్ళకు ఇది నూనె కన్నా సుఖం. నెలకోసారి కడిగేవాళ్ళకు అస్సలు పనికిరాదు.

మైనం రకాలు కార్ల అడుగు భాగానికి వాడేవి. చిక్కగా, గోధుమ రంగులో ఉండి, గట్టిగా పట్టేస్తాయి. మళ్ళీ తీయడం మహా కష్టం. బండి అంతటా వేయకుండా వెనక మడ్‌గార్డ్ లోపలి వైపు, బ్యాటరీ తట్ట, మెయిన్ స్టాండు వంటి ఎవరికీ కనపడని చోట్ల వేయండి. గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ పూత కూడా దొరుకుతుంది. నీళ్ళకు బాగా తట్టుకుంటుంది, వాసన మాత్రం కొన్నాళ్ళు వదలదు.

అందరి ఇళ్ళలో ఉండే డబ్ల్యూడీ-40 సంగతి అడుగుతారు. దాని పేరులోనే ఉంది, 1950ల్లో అమెరికాలో తేమను తోలే మందు కోసం చేసిన ప్రయత్నాల్లో 40వది. తడిసిన స్విచ్చునో, బిగిసిన బోల్టునో కాపాడటానికి మంచిది. మామూలు నీలం డబ్బాలోని రకం ఉప్పు రోడ్డు మీద వారాల తరబడి నిలిచే పొర కాదు.

కడగడం

ఉప్పు పడిన రోజు సాయంత్రమే కడిగితే వారాంతంలో రెండు గంటలు తోమిన దానికన్నా ఎక్కువ ఫలితం. బండి మెరవాల్సిన పని లేదు, ఉప్పు కారిపోతే చాలు. అయిదు నిమిషాల పని. కొళాయి, పైపు ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. అపార్ట్‌మెంట్లలో, అద్దె గదుల్లో ఉండేవాళ్ళకు అది ఉండదు. నేను మొదటి మూడేళ్ళు అలాగే ఉన్నాను. ఊళ్ళో చేలకు మందు కొట్టే చేతిపంపు స్ప్రేయర్ గుర్తొచ్చింది. తోటపని దుకాణంలో అయిదు లీటర్లది 15 పౌండ్ల లోపే దొరికింది. గదిలోంచి నీళ్ళు నింపుకొచ్చి, పంపు కొట్టి, కింది నుంచి పైకి ఒక వరస, పై నుంచి కిందికి ఒక వరస కొడతాను. బెండు పైపులు, ఆయిల్ ఫిల్టర్, బ్రేకు ప్యాడ్లను పట్టి ఉంచే కాలిపర్లు, షాకబ్జార్బర్ అడుగు, సైడు స్టాండు కీలు, ఈ అయిదు చోట్లకే సగం నీళ్ళు. పైపులు కాస్త చల్లారాకే మొదలుపెడతాను. నేను కొన్న వస్తువులన్నింటిలో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

వేడినీళ్ళా, చన్నీళ్ళా అన్న వాదన ఇక్కడ ప్రతి చలికాలం వస్తుంది. ఉప్పు కరగడానికి వేడి అవసరం లేదు. 100 మిల్లీలీటర్ల నీటిలో సున్నా డిగ్రీల దగ్గర దాదాపు 36 గ్రాములు కరిగితే, మరిగే నీటిలో 39 గ్రాములు కరుగుతుంది. తేడా లేనట్టే. వేడి వల్ల రసాయన చర్య మాత్రం వేగం పుంజుకుంటుంది. కాబట్టి ఉప్పు వదలడానికి చన్నీళ్ళే వాడండి. అది పూర్తిగా పోయాక జిడ్డు కోసం గోరువెచ్చని నీళ్ళు వాడితే నష్టం లేదు. ఇదే లెక్కన, ఉప్పు పట్టిన బండిని వేడి చేసిన గ్యారేజీలో పెట్టడం చల్లటి షెడ్డులో పెట్టడం కన్నా చెరుపు.

పెట్రోలు బంకు దగ్గరి జెట్ వాష్ చూడటానికి బాగుంటుంది. ఆ ఒత్తిడికి నీళ్ళు చక్రాల బేరింగుల్లోకి, చైన్ రింగుల లోపలికి, కనెక్టర్లలోకి దూరతాయి. తప్పనిసరైతే దూరం నుంచి, పక్కవాటుగా కొట్టండి. గిన్నెల సబ్బు వద్దు, మీరు కష్టపడి వేసిన నూనె పొరను అది ఒలిచేస్తుంది.

చైన్

ఉప్పు రోడ్డు మీద అన్నిటికన్నా ముందు చచ్చేది చైనే. చైన్, స్ప్రాకెట్ల సెట్టు, కూలితో కలిపి 150 పౌండ్ల మాట.

డబ్బాలో దొరికే మైనం స్ప్రే ఎండాకాలానికి బాగుంటుంది. చలికాలంలో దాని కిందికి ఉప్పునీళ్ళు చేరి, పైన మైనం నల్లగా మెరుస్తుండగానే లోపల లింకులు ఎర్రబడతాయి. దానికన్నా చిక్కటి గేరు ఆయిల్ బ్రష్షుతో పూయడం మేలు, చవక కూడా. ఆయిల్ చిమ్ముతుంది, చిమ్ముతూ ఉప్పునూ మట్టినీ వెంట తీసుకుపోతుంది. ప్రతి రెండు మూడు రోజులకు పూయాలి, అదే కష్టం. చలిలో, చీకట్లో, వంగుని ఆ పని చేయడానికి మనసు ఎన్ని రోజులు సహకరిస్తుందో మీరే ఆలోచించుకోండి.

అందుకే రోజూ నడిపేవాళ్ళకు నేను స్కాట్ఆయిలర్ లాంటి ఆటోమేటిక్ ఆయిలర్ చెబుతాను. ఇంజన్ పీల్పుడు ఒత్తిడితో తెరుచుకునే చిన్న సీసా ఇది. ఇంజన్ నడిచినంతసేపు వెనక స్ప్రాకెట్ మీద బొట్టు బొట్టుగా ఆయిల్ వేస్తుంది. ధర 100 పౌండ్లు పైమాటే. నాకు రెండో చలికాలం చివరికే డబ్బు తిరిగి వచ్చేసింది. బొట్టు వేగం సరిగా పెట్టుకోకపోతే ఆయిల్ టైరు మీద పడుతుంది, కాబట్టి మొదటి వారం రోజూ టైరు అంచు చూసుకోండి. వారానికి ఒకటి రెండు సార్లు మాత్రమే నడిపేవాళ్ళకు దీని అవసరం లేదు, బ్రష్షు చాలు.

బండి నిలిపే చోటు గురించి ఒక్క మాట. ఆరుబయట పెట్టేవాళ్ళు గాలి ఆడే గుడ్డ కవరే కొనండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల ఆవిరి చెమటలా పట్టి, తెల్లారేసరికి బండి తడిసి ఉంటుంది. ఉప్పు కడగకుండా కవరు కప్పడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

ఎవరికి ఏది?

కొత్తగా వచ్చి, సీబీటీ అనే తప్పనిసరి ప్రాథమిక శిక్షణ పూర్తి చేసుకుని, ఎల్ బోర్డుతో 125 సీసీ బండి నడిపే విద్యార్థులతో మొదలుపెడతాను, ఎందుకంటే వాళ్ళ దగ్గర డబ్బు తక్కువ. ఇంకా బండి కొనకపోతే స్కూటర్ కొనండి. చైన్ ఉండదు, ముందు కవచం కాళ్ళనూ ఇంజన్‌నూ చాలావరకు కాపాడుతుంది. లోపల ఏం జరుగుతోందో కనిపించదు కాబట్టి, నవంబరుకు ముందు ప్లాస్టిక్ తలుపులు విప్పి స్టాండు కీలుకూ, సైలెన్సర్ బిగింపులకూ, ఇనుప గొట్టాలకూ నూనె పూత వేయండి. ఒక డబ్బా, ఒక పంపు స్ప్రేయర్, 35 పౌండ్లతో అయిపోతుంది. ఇప్పటికే చైన్ ఉన్న బండి ఉంటే గేరు ఆయిల్ సీసా కలపండి.

నాలా రోజూ హైవే మీద తిరిగేవాళ్ళు ముందు మడ్‌గార్డ్ పొడిగింపు, నూనె పూత, ఆటోమేటిక్ ఆయిలర్, ఈ మూడూ ఒకేసారి కొనండి. వాయిదాల్లో కొంటే మధ్యలో ఒక చలికాలం నష్టపోతారు. చేతిలో 20 పౌండ్లే ఉంటే పూత డబ్బా, 50 ఉంటే దానికి పొడిగింపు కలపండి. హగ్గర్ ఆ తరువాత.

వారాంతాల్లో మాత్రమే నడిపేవాళ్ళు ఉప్పు చల్లిన రోజుల్లో బండి తీయకపోవడమే చవకైన మార్గం. పూర్తిగా ఆపేస్తే, ఇక్కడి వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్ఏకు బండి రోడ్డు మీదికి తీయడం లేదనే సోర్న్ ప్రకటన ఇచ్చి మిగిలిన నెలల రోడ్డు పన్ను వెనక్కి తీసుకోవచ్చు. అప్పుడు బండి ప్రజల రోడ్డు మీద నిలపకూడదు, ప్రైవేటు స్థలంలోనే ఉండాలి. ఖరీదైన బండి ఉండి, చలికాలానికి పాత బండి ఒకటి వేరుగా కొనే ఆలోచన ఉన్నవాళ్ళకు ఒక హెచ్చరిక: పాత బండి బ్రేకులు, బేరింగులే ముందుగా ఉప్పుకు లొంగుతాయి. దానికీ ఇదే శ్రద్ధ కావాలి.

మన ఊళ్ళో వాడేవాళ్ళకు ఇందులో ఏది పనికొస్తుందని మా తమ్ముడు అడిగాడు. విశాఖలో సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళకు సమస్య ఇదే, ఉప్పు లారీ నుంచి కాకుండా గాలి నుంచి వస్తుంది. అక్కడ తరచుగా మంచినీళ్ళతో కడగడం, చాటు భాగాలకు నూనె పొర వేయడం రెండూ పని చేస్తాయి. తెలంగాణ, రాయలసీమ ఎండు దుమ్ములో మాత్రం ఫోర్క్ రాడ్ల మీద నూనె పూత వద్దు. దుమ్ము అంటుకుని ఉప్పుకాగితంలా సీళ్ళను అరగదీస్తుంది. అక్కడ రబ్బరు ఫ్లాప్, ఎయిర్ ఫిల్టర్ శుభ్రత చాలు.

ఏప్రిల్లో ఉప్పు లారీలు ఆగాక, రెండు మూడు మంచి వానలు పడి రోడ్డు కడుక్కుపోయేదాకా పూత తీయకండి. ఆ తరువాత కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో నూనె పొర తుడిచి, మామూలు బండి షాంపూతో కడగండి. కాలిపర్ విప్పి జారుడు పిన్నులకు రబ్బరును పాడుచేయని ఎర్ర గ్రీజు పెట్టండి. బయటికి కనిపించే బోల్టులు ఒక్కొక్కటిగా విప్పి, మరకు కాస్త గ్రీజు రాసి మళ్ళీ బిగించండి. కదలనంటున్న బోల్టు ఉంటే వచ్చే నవంబరులో పూత మొదట పడాల్సింది అక్కడే. మొన్న ఏప్రిల్లో ఆయిల్ మార్చినప్పుడు పాత ఫిల్టర్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశాను. అడుగున ఒక చిన్న గీత దగ్గర తప్ప నల్ల రంగు ఎక్కడా లేవలేదు, దాని మీద అచ్చు వేసిన నంబరు స్పష్టంగా చదవగలిగాను.